పొగ లెక్కలు

2018లో దీపావళి నవంబర్ 7న వచ్చింది. అప్పుడు మేము కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళం. అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి రెండు నెలలయింది. ఇక్కడ మందుగుండు సామాను కాల్చడానికి లేదు కాబట్టి అపార్ట్‌మెంట్ వెనకాల పిల్లాడిచేత నాలుగు కాకరపువ్వొత్తులు, అవీ భయం భయంగా, కాల్పించి పండగ అయిందనిపించాం. మర్నాడు సాయంత్రం బాల్కనీ తలుపు తీస్తే కాలిన వాసన.

“ఎవరో పచ్చికట్టెలు తగలేస్తున్నార్రా,” అంది అమ్మ.

“నిన్నటి మందుల వాసనేమోలే అమ్మా,” అన్నాను.

అమ్మే కరెక్ట్. రెండువందల మైళ్ళకి కాస్త తక్కువ దూరంలో, కొండల మీద ఉన్న ప్యారడైజ్ అనే ఊరు ఆ రోజు పొద్దుటినుంచి తగలబడుతోంది. కరెంటు కంపెనీ వాళ్ళ పాతకాలపు లైను మీద కొక్కెం తెగి పుట్టిన నిప్పు, ఎండిన గాలికి కొన్ని గంటల్లోనే ఊరిని మింగేసింది. 85 మంది చనిపోయారు. పద్దెనిమిది వేలకి పైగా ఇళ్ళూ కట్టడాలూ పోయాయి. అందువల్ల ఆ పొగ కట్టెల పొగ ఒక్కటే కాదు. కార్లు, పెయింట్లు, ప్లాస్టిక్ పైపులు, పరుపులు అన్నీ అందులో ఉన్నాయి. అందులో సీసం, జింకు కూడా ఉన్నాయనీ, కొన్ని లోహాలు 150 మైళ్ళకి పైగా ప్రయాణించాయనీ తర్వాత కాలిఫోర్నియా వాయునాణ్యతా బోర్డు తేల్చింది.

దాదాపు రెండు వారాలు ఆ పొగలోనే ఉన్నాం. నవంబర్ 16 శుక్రవారం ఏక్యూఐ 200 దాటి ఎక్కడో ఉంది. బడులు మూసేశారు. శాన్ ఫ్రాన్సిస్కోలో కేబుల్ కార్లు ఆపేశారు. హార్డ్‌వేర్ షాపుల్లో ఎన్-95 మాస్కులు దొరకలేదు. అమ్మ రోజూ పొద్దున లేక్ ఎలిజబెత్ చుట్టూ తనలాగే ఊళ్ళనుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్ళతో నడిచేది. ఆ నడకే ఆవిడకి అమెరికా. అది ఆగిపోయింది. నవంబర్ 21న వాన పడేవరకూ తలుపులకింద తడిగుడ్డలు కుక్కిన రెండు గదుల్లో కూచుంది. మొదట్లో దగ్గు, తర్వాత ఆయాసం. అర్జెంట్ కేర్‌లో ఇన్‌హేలర్ రాసి పంపించారు. కాగితం మీద “దగ్గు” అని ఉంది. పొగ అన్న మాట లేదు.

ఆ కాగితం చూసినప్పటినుంచీ నన్నో ప్రశ్న వదల్లేదు. మంటలో పోయినవాళ్ళ లెక్క తేలుతుంది. పేర్లుంటాయి, స్మారకాలుంటాయి, కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంటుంది. పొగ పట్టినవాళ్ళ లెక్క ఎవరు చూస్తారు? అసలు ఎప్పటినుంచి చూడటం మొదలుపెట్టారు?

కాలిఫోర్నియా పొగ కొత్తదేం కాదు. 1542లో స్పెయిన్ తరఫున ఈ తీరం వెంట ఓడల్లో వచ్చిన కాబ్రియో, ఇప్పటి లాస్ ఏంజిలిస్ దగ్గర ఒక అఖాతానికి ‘పొగల అఖాతం’ అని పేరు పెట్టాడు. ఇక్కడి ఆదివాసులు విత్తనాల కోసం, వేట కోసం, బుట్టలల్లే లేత పుల్లల కోసం అడవినీ గడ్డినీ విడతలు విడతలుగా కాల్చేవాళ్ళు. పిడుగులవల్ల అంటుకునేవి ఎటూ ఉన్నాయి. 1800కి ముందు ఈ రాష్ట్రంలో ఏటా సుమారు 45 లక్షల ఎకరాలు కాలేవని 2007లో బర్క్‌లీ పరిశోధకులు అంచనా కట్టారు. ఘోరమైన సంవత్సరంగా చెప్పుకునే 2020లో కాలినది ఇంచుమించు అంతే! 1850లో రాష్ట్రం ఏర్పడీ ఏర్పడగానే ఆదివాసుల మీద చేసిన చట్టంలో గడ్డి కాల్చడాన్ని శిక్షార్హం చేశారు. 1910లో ఉత్తర రాకీ పర్వతాల్లో చెలరేగిన మంటల తర్వాత ఫెడరల్ అటవీ శాఖ నిప్పుని శత్రువుగా ప్రకటించింది. 1935లో, ఏ మంటనైనా మర్నాడు పొద్దున పది గంటల్లోపు ఆర్పెయ్యాలన్న నియమం పెట్టింది. ఆ నియమం పుణ్యమా అని ఇరవయ్యో శతాబ్దంలో ఆకాశం నీలంగా ఉంది, కిందేమో కాలాల్సినదంతా పోగుపడింది. మనం మామూలు అనుకునే ఆకాశం నిజానికి కొన్ని దశాబ్దాల అప్పు అన్నమాట. ఇలా అన్నానని పాతకాలపు పొగ ఆరోగ్యకరం అనడం లేదు. అది ఎంతమందికి దగ్గు తెప్పించిందో రాసిపెట్టినవాళ్ళు లేరు, అంతే.

రాసిపెట్టినవాళ్ళున్న చోట కూడా దగ్గు దొరకదు. 1780 మే 19న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో పట్టపగలు చీకటి పడింది. పొద్దున పది దాటాక మొదలై మధ్యాహ్నానికి కొవ్వొత్తులు వెలిగించుకుంటే గానీ భోజనాలు చెయ్యలేకపోయారు. కోళ్ళు గూళ్ళకి చేరాయి. ఆ రాత్రి కనిపించిన చంద్రుడు ఎర్రగా ఉన్నాడు. ఇంగ్లండ్‌తో యుద్ధం నడుస్తున్న రోజులు, పైగా బైబిల్ కంఠతా వచ్చిన జనం. ప్రళయం వచ్చిందనే అనుకున్నారు చాలామంది. కనెక్టికట్ శాసనసభలో సభ వాయిదా వేద్దామంటే, డావెన్‌పోర్ట్ అనే సభ్యుడు ఒప్పుకోలేదట: ప్రళయం కాకపోతే వాయిదా దేనికి, అయితే గనక మన పని మనం చేస్తుండగానే రానివ్వండి, కొవ్వొత్తులు తెప్పించండి అన్నాడని చెబుతారు. హార్వర్డ్‌లో శామ్యూల్ విలియమ్స్ అనే ప్రొఫెసర్ ఊరూరినుంచీ వివరాలు తెప్పించాడు. తొట్లలో పట్టిన వాననీటి మీద తెట్టు, వేళ్ళతో నలిపితే కాలిన ఆకుల మసి. ఇది అడవి మంటల పొగే అని కొందరు అప్పుడే అన్నారు. కెనడాలో ఆంటారియో అడవుల్లోని పాత చెట్ల కాండాల మీద 1780 నాటి కాలిన మచ్చలు కనిపెట్టి, 2007లో అమెరికా పరిశోధకులు ఆ మాట నిజమేనన్నారు.

ఆ రోజు గురించి నాకు దొరికినవన్నీ చదివాను. వెలుగు ఎంత తగ్గింది, ఏ పిట్ట కూసింది, ఏ పాస్టరు ఏం బోధించాడు — అన్నీ ఉన్నాయి. చదివినవాటిలో ఒక్క పసిబిడ్డ దగ్గిన శబ్దం లేదు. వాళ్ళు పైకి చూశారు. మసి గాలిలోంచి నీళ్ళతొట్టిలో పడితే వేళ్ళతో నలిపి చూశారు గానీ, అదే మసి తమ లోపలికీ పోయి ఉంటుందన్న ఊహ రాలేదు. ఎలా వస్తుంది? ప్రతి ఇంట్లోనూ పొయ్యి ఉంది. పొగ అనేది ఇంటి మనిషి.

మా ఇంట్లోనూ అంతే. తణుకు దగ్గర పల్లెటూళ్ళో అమ్మ ముప్ఫై ఏళ్ళు కొబ్బరిమట్టల మీద, సరుగుడు కట్టెల మీద, అవి తడిసిన వానాకాలంలో పిడకల మీద వండింది. ఊదుగొట్టంతో ఊదుతూ, కళ్ళు తుడుచుకుంటూ. వంటింటి చూరు నల్లగా నిగనిగలాడేది. అమ్మ దగ్గుని మేమెవరం జబ్బు అనుకోలేదు. అది అమ్మ గొంతులో ఒక భాగం. గుమ్మంలోకి రాగానే ఆ దగ్గు వినపడితే అమ్మ ఇంట్లో ఉందని తెలిసేది.

ఆ దగ్గుని మొట్టమొదట లెక్కలోకి తీసుకున్నవాళ్ళలో ఒకరు మాకు ముప్ఫై మైళ్ళ దూరంలో, బర్క్‌లీ యూనివర్శిటీలో పనిచేసేవారని ఆ నవంబర్‌లో నాకు తెలీదు. కర్క్ స్మిత్ 1980ల మొదట్లో గుజరాత్ పల్లెలకి వెళ్ళి, వండుతున్న ఆడవాళ్ళ ఒంటికి చిన్న పంపులు తగిలించి, వాళ్ళు పీల్చే పొగని కొలిచారు. నగరాల్లో ఫ్యాక్టరీల పక్కన కొలిచిన దానికంటే వంటిళ్ళలో ఎన్నో రెట్లు ఎక్కువ ఉంది. 1983లో అచ్చయిన ఆ కొలతల తర్వాత ఆయన జీవితమంతా ఆ పని మీదే గడిపి, 2020లో పోయారు. ఇవాళ ఇండియాలో గ్యాస్ సిలిండర్ గురించి ఆరోగ్యం పేరుతో మాట్లాడుతున్నామంటే అందులో ఆయన పాలు చాలా ఉంది.

అడవి పొగ దగ్గరికి మళ్ళీ వస్తాను. 1950 జూన్‌లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా, ఆల్బెర్టా సరిహద్దులో చించాగా నది దగ్గర మంట మొదలయింది. రోడ్డుకో ఊరికో పది మైళ్ళ లోపు ఉంటేనే ఆర్పాలన్నది అప్పటి పద్ధతి. ఇది ఆ గీతకి అవతల ఉంది. అలా వదిలేస్తే అక్టోబర్ దాకా కాలింది. సెప్టెంబర్ చివర్లో ఆ పొగ అమెరికా తూర్పు తీరం దాకా పాకి, మధ్యాహ్నం వీధిదీపాలు వెలిగించాల్సి వచ్చింది. అటంబాంబు కాబోలని కొందరు హడలిపోయారు. కొరియా యుద్ధం మొదలై మూడు నెలలే మరి. ఇంకో రెండు రోజులకి అట్లాంటిక్ దాటి స్కాట్లాండ్ చేరింది. అక్కడ సూర్యుడు నీలంగా కనిపించాడు!

ఎడిన్‌బరో అబ్జర్వేటరీలో రాబర్ట్ విల్సన్ ఆ వెలుగుని విడగొట్టి పరిశీలించి, అందులోంచి పొగరేణువు సైజు లెక్కగట్టాడు. సుమారు ఒక మైక్రాన్. అన్ని రేణువులూ ఇంచుమించు అదే సైజులో ఉండటంవల్ల ఎరుపు చెదిరిపోయి నీలం మిగిలింది. నాకు ఈ వ్యాసంలో అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించే సంగతి ఇదే. ఇవాళ మన ఫోన్లలో యాప్ చూపించే పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్న చిన్న రేణువులు. వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు. ముక్కులో వెంట్రుకలు వాటిని ఆపలేవు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి, అక్కడినుంచి కొన్ని రక్తంలోకి కూడా. అంటే 1950లోనే ఆ రేణువుని సైన్సు పట్టుకుంది, కొలిచింది. సూర్యుడి రంగు కోసం. స్కాట్లాండ్ మీద పొగ చాలా ఎత్తులో ఉంది, అక్కడ ఎవరికీ ఏమీ కాకపోయి ఉండొచ్చు. అయినా ప్రశ్నలో ఊపిరితిత్తి ఎక్కడా లేదు.

అది ప్రశ్నలోకి రావడానికి పొగ రాజధానిలో దిగాల్సి వచ్చింది. 1952 డిసెంబర్ 5 నుంచి 9 వరకు లండన్‌ని కమ్మినది బొగ్గు పొగ, అడవి పొగ కాదు. కానీ శవాలని లెక్కపెట్టే పద్ధతి అక్కడే నేర్చుకున్నారు. ఎవరూ “పొగవల్ల” చనిపోలేదు. బ్రాంకైటిస్‌తోనో, న్యుమోనియాతోనో, గుండె ఆగో పోయారు. తీరా మరణాల రిజిస్టర్లు తిరగేస్తే మామూలు కంటే నాలుగు వేలు ఎక్కువ తేలాయి. తర్వాత వారాల్లో కూడా చావులు తగ్గకపోతే, అది ఫ్లూ అని చెప్పి చేతులు దులుపుకున్నారు. వాటినీ కలిపితే పన్నెండు వేలని అర్ధశతాబ్దం తర్వాత వచ్చిన పరిశోధన. అంటే పొగలో చావు తీసివేత లెక్కలో మాత్రమే కనపడుతుంది. ఉండాల్సినవాళ్ళలోంచి ఉన్నవాళ్ళని తీసెయ్యాలి.

ఈ తీసివేతని అడవి పొగకి వాడినవాటిలో నన్ను కదిలించింది ఇండోనేషియా కథ. కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల బురద అడవిని వరిపొలాలు చేస్తానని 1990ల మధ్యలో సుహార్తో ప్రభుత్వం కాలవలు తవ్వించింది. (డెల్టాలో పుట్టినవాణ్ణి, కాలవంటే నాకు పంటే. కానీ అక్కడ కాలవలు నీళ్ళు తేవడానికి కాదు, తోడెయ్యడానికి.) వరి పండలేదు. వేల ఏళ్ళుగా నీళ్ళలో నానిన ఆకుమట్టి ఎండి వంటచెరుకయింది. 1997లో ఎల్ నినో వచ్చి వానలు పోయాయి. తోటల కంపెనీలు భూమి చదును చెయ్యడానికి పెట్టిన నిప్పు నేల కిందికి దిగి నెలల తరబడి రగిలింది. మలేషియాలోని సరవాక్‌లో సెప్టెంబర్ 19న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. సుహార్తో పొరుగు దేశాలకి క్షమాపణ చెప్పాడు. సెప్టెంబర్ 26న మేడాన్ దగ్గర, పొగ కమ్మిన ఆకాశంలో దిగబోతున్న గరుడ విమానం కూలి 234 మంది చనిపోయారు. వాళ్ళ పేర్ల జాబితా ఉంది.

ఇంకో జాబితాకి పేర్లు లేవు. ఆర్థికశాస్త్రవేత్త సీమా జయచంద్రన్, 2000 సంవత్సరపు ఇండోనేషియా జనాభా లెక్కలు ముందు పెట్టుకుని, ఏ తాలూకాలో ఏ నెలలో పుట్టిన పిల్లలు ఎంతమంది ఉన్నారో చూశారు. పక్కన ఉపగ్రహం కొలిచిన పొగ పటం పెట్టారు. పొగ దట్టంగా ఉన్న చోట, ఆ నెలల్లో కడుపులో ఉన్న పిల్లలు, అప్పుడే పుట్టిన పిల్లలు ఉండాల్సినంతమంది లేరు. దేశం మొత్తం మీద 15,600 మంది. పేద ప్రాంతాల్లో దెబ్బ ఎక్కువ. ఆ తల్లుల్లో ఎవరికీ తమ బిడ్డ పొగవల్ల పోయిందని ఎవరూ చెప్పి ఉండరు. మూడేళ్ళ తర్వాత ఎన్యుమరేటర్ వచ్చి ఇంట్లో ఎంతమంది అని అడిగితే, ఉన్నవాళ్ళ పేర్లు చెప్పి ఉంటారు. ఆ మౌనాన్నే ఆవిడ లెక్కగట్టింది. 2015లో మళ్ళీ అలాంటి పొగే వచ్చినప్పుడు ఇండోనేషియా అధికారులు చెప్పిన మృతుల సంఖ్య 19. హార్వర్డ్, కొలంబియా పరిశోధకుల అంచనా లక్ష పైన. ఆ అంచనాని అక్కడి ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. 19కీ లక్షకీ మధ్య తేడా డాక్టర్ల తప్పు కాదు. ఏది చావుకి కారణం అనేదాని మీద పేచీ అది.

ఇదంతా శరీరం సంగతి. మనసు సంగతి లెక్కలోకి రావడానికి ఇంకా ఆలస్యమయింది. 1999లో ఉత్తర కాలిఫోర్నియాలోని హూపా ఆదివాసుల లోయలో వారాల తరబడి పొగ నిలిచిపోతే, అక్కడి ఆస్పత్రికి ఊపిరి సమస్యలతో వచ్చినవి అంతకు ముందు ఏడు 417, ఆ ఏడు 634 అని లెక్క తీశారు. మంచి పని. కానీ నిద్ర గురించి, భయం గురించి ఆ లెక్కల్లో గడి లేదు. 2014 వేసవిలో కెనడా వాయవ్య ప్రాంతంలో 34 లక్షల హెక్టార్లు కాలి, ఎల్లోనైఫ్ పట్టణం రెండు నెలలకి పైగా పొగలో ఉన్నప్పుడు, కోర్ట్నీ హవర్డ్ అనే అక్కడి ఎమర్జెన్సీ డాక్టరూ ఆవిడ సహచరులూ ఆస్పత్రి లెక్కలతో ఆగలేదు. ఆస్తమాతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళు ఇంచుమించు రెట్టింపయ్యారు, సరే. వాళ్ళు పట్టణంలోనూ చుట్టుపక్కల ఆదివాసుల ఊళ్ళలోనూ జనాన్ని కూచోబెట్టి ఆ వేసవి ఎలా గడిచిందో చెప్పించుకున్నారు. ఒంటరితనం, ఏ రాత్రి ఊరు ఖాళీ చెయ్యమంటారో అన్న భయం, ఎనిమిది నెలల చలికాలం తర్వాత వచ్చిన చిన్న వేసవిని కిటికీ వెనక పోగొట్టుకున్న దుఃఖం. చేపలకీ పళ్ళకీ అడవికి పోలేనివాళ్ళకి పోయింది తిండి ఒక్కటే కాదు, తామెవరో చెప్పే పని కూడా. వాళ్ళ భయం ఉత్తిది కాదని 2023 ఆగస్టులో తేలింది. ఎల్లోనైఫ్ మొత్తాన్ని, దాదాపు ఇరవై వేల మందిని, ఖాళీ చేయించాల్సి వచ్చింది.

వాళ్ళ మాటలు చదువుతుంటే నాకు మా రెండు గదులు గుర్తొచ్చాయి. నాలుగో రోజుకి అమ్మ మాట్లాడటం తగ్గించేసింది. అయిదో రోజున టీవీ కూడా వద్దంది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూచునేది. పొగలో అమ్మకి కొత్తేముంది అనుకున్నాను, ముప్ఫై ఏళ్ళు పొయ్యి ముందు కూచున్న మనిషి కదా అని. ఒక రాత్రి తనే చెప్పింది. “పొయ్యి పొగైతే నేను పెట్టిందేరా. కళ్ళు మండితే పెరట్లోకి పోయేదాన్ని. దీంట్లోంచి ఎక్కడికి పోతాం?” నేను ఎయిర్ ప్యూరిఫయర్ ఇంకో రెండు రోజుల్లో వస్తుందమ్మా అన్నాను. అంతకన్న తెలివితక్కువ జవాబు ఉండదు.

ఆ పొగలో ఎంతమంది పోయారు? 2008 నుంచి 2018 వరకు పదకొండేళ్ళలో అడవి మంటల పీఎం 2.5 వల్ల కాలిఫోర్నియాలో 52 వేలనుంచి 56 వేల మధ్య అకాలమరణాలు సంభవించాయని 2024లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. పోనివాళ్ళ లోపల ఏం మిగిలిందో మనుషుల కంటే కోతులు బాగా చెప్పాయి. 2008 జూన్‌లో పిడుగులవల్ల ఉత్తర కాలిఫోర్నియా అంతా అంటుకున్నప్పుడు, డేవిస్ యూనివర్శిటీ కోతుల కేంద్రంలో ఆ వసంతంలో పుట్టిన పిల్లలు ఆరుబయట దొడ్లలో ఉన్నాయి. లీసా మిల్లర్ బృందం వాటినీ, మరుసటి ఏడాది పుట్టినవాటినీ పెరిగేదాకా గమనించింది. పొగ పీల్చినవాటి ఊపిరితిత్తులు చిన్నగా, బిర్రుగా తయారయ్యాయి, రోగనిరోధక శక్తి తగ్గింది. 2018లో మావాడికి ఆరేళ్ళు. ఈ పరిశోధన చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాన్ని ఏ గడిలో వేస్తారో తెలీదు.

అమ్మ 2019 ఫిబ్రవరిలో ఇండియా వెళ్ళిపోయింది. ఇన్‌హేలర్ వాడుతోంది. ఆ ఆయాసంలో కొబ్బరిమట్టల వాటా ఎంత, ప్యారడైజ్ వాటా ఎంత అని ఏ డాక్టరూ విడదీసి చెప్పలేడు.

2020 సెప్టెంబర్ 9న పొద్దున మేము లేచేసరికి బయట నారింజ రంగు చీకటి. తొమ్మిదైనా లైట్లు వెయ్యాల్సి వచ్చింది. ఉత్తరాది మంటల పొగ పైన, సముద్రపు మంచు కింద. ఆ మంచు పొర పుణ్యాన ఆ రోజు నేలమీద గాలి మరీ అంత చెడ్డగా లేదు. రంగు పోయి ఆకాశం మామూలు బూడిద రంగుకి వచ్చిన తర్వాతి రోజుల్లోనే గాలి దిగజారింది. ఊరంతా ఫోటోలు తీసింది. నేనూ అమ్మకి వీడియో కాల్ చేసి ఫోను ఆకాశంవైపు తిప్పాను. ఆ రంగు నిజం కాదనుకుందో ఏమో, కెమెరా దాన్ని తనంతట తనే సరిచేసి బూడిద రంగుగా చూపించింది.

“మామూలుగానే ఉంది కదరా,” అంది అమ్మ.

కాదమ్మా, ఎర్రగా ఉంది, ఫోన్లో రావట్లేదు అని చెప్పబోయాను.

“రంగు సంగతి సరే,” అంది. “పిల్లాడు దగ్గుతున్నాడా?”